దుర్భిణికి పాత స్టాండు

బెల్లంపల్లి, 26 సెప్టెంబరు 1965

కలకత్తా నుంచి క్యాటలాగు వచ్చింది. జూన్‌లో రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు. నాకు కావలసింది చివరి పేజీల్లో ఉంది. కరెంటు మోటారుతో తిరిగే స్టాండు. ఇరుసును ధ్రువుడి వైపు పెట్టి మోటారు వేస్తే, ఆకాశం ఎంత నిదానంగా జరుగుతుందో దుర్భిణి కూడా అంతే నిదానంగా జరుగుతుంది. పైన కెమెరా కట్టేసి మనం పడుకోవచ్చు.

నా దుర్భిణి ఇప్పుడు గని సర్వే ఆఫీసు పారేసిన మూడుకాళ్ళ స్టాండు మీద ఉంది. చూడటానికి సరిపోతుంది, ఫోటోకు పనికిరాదు. చుక్క జరుగుతుంది, దుర్భిణి జరగదు. ఫోటో పడే గాజు ప్లేటు మీద చుక్క పడాల్సిన చోట గీత పడుతుంది.

ఆ ఉత్తరం రాసినప్పుడు బాలలక్ష్మి కాన్పుకు మెట్‌పల్లి పుట్టింటికి పోవడానికి పెట్టె సర్దుకుంటోంది. "పొద్దంత భూమిల కొలిచేటోనికి పైన ఏం పనుంటది" అంది.

మోటారుకు ఏడాది పూచీ ఇస్తున్నారు.

28 సెప్టెంబరు

సెలవు అయిపోయింది, గనిలోకి దిగాను. మేనేజరు గారు భుజం మీద చెయ్యి వేసి ధైర్యంగా ఉండమన్నారు. ధైర్యంగానే ఉన్నాను.

29 సెప్టెంబరు

కొత్తదే మంచిది.

2 అక్టోబరు

రాజలింగు వచ్చాడు. నా తోడల్లుడు, బాలలక్ష్మి అక్క సరోజన భర్త. వేములవాడలో బట్టల దుకాణం. వచ్చినవాడు చాలాసేపు మంచం అంచున కూర్చుని టోపీని మోకాలి మీద తిప్పుకున్నాడు. వీధి చివర ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు, ఆ పాట అయ్యేదాకా ఆగాడేమో.

"సరోజన మాటగ చెప్తున్న. పిల్లను మేం సాదుకుంటం. మాకెట్లాగు పిల్లలు లేరు. కార్తీక పున్నమికి రాజన్న గుడిల మొక్కి ఇంటికి తీస్కపోతం. నువ్వేమంటవు?"

"మీ ఇష్టం."

"మా ఇష్టం కాదు రామచంద్రం. నీ నోటెంబడి రావాలె."

"మీరే సాదుకోండ్రి. నాకేం అభ్యంతరం లేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను క్యాటలాగు చూపించాను. మర్యాదకు రెండు పేజీలు తిప్పాడు.

పిల్లను నేను సరిగా చూడలేదు. ఆ రోజు నేను మెట్‌పల్లి చేరేసరికి వాకిట్లో జనం. లోపల చేటలో పాత చీర ముక్క, అందులో ఏదో కదిలింది. ఎవరో చూడమన్నారు. నేను అవతలి గదిలోకి పోయాను. బాలలక్ష్మిని అప్పటికే కడిగి పసుపు పెట్టారు. ఇరవయ్యొకటో రోజున పేరు కూడా పెట్టలేదట. సాదుకునేవాళ్ళే పెట్టుకుంటారు.

సరోజన మంచిది. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

6 అక్టోబరు

మోటారు ఉన్నదా, చేతితో తిప్పేదా. ఉన్నదే.

14 అక్టోబరు

పేపర్లో వేశారు. తెల్లవారుజామున తూర్పున పెద్ద తోకచుక్క కనబడుతుందట. సూర్యుడి పక్కనుంచి తిరిగి వచ్చాక, దీపావళి దాటితే, తోక ఇంకా పెరుగుతుందట. పున్నమి దాకా చూడవచ్చు, తర్వాత వెన్నెల మింగేస్తుంది.

బజారులో దేవదాస్ స్టూడియోకు వెళ్ళాను. గాజు ప్లేట్లు, చీకటి గది, కెమెరా అన్నీ అతనివే, నేను అడగడమే ఆలస్యం. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసీ తీసీ విసుగెత్తిన మనిషి.

"కలకత్తకు రాసినవా సారూ? వాళ్ళు పెట్టెల పెట్టి, రైలుకెక్కిచ్చి, అది ఈడ దిగేసరికి తోకచుక్క అత్తగారింటికి పోతది" అన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాడు. అత్తగారిల్లు అన్న మాటకు కూడా జనం నా ముందు భయపడుతున్నారు. నాకు ఏమీ అనిపించలేదు.

గని ఆఫీసర్ల క్లబ్బు వెనక కొట్టులో ఎప్పటిదో ఒక దొర వదిలేసిన స్టాండు ఉందని దేవదాసే చెప్పాడు.

17 అక్టోబరు

చౌకీదారు హనుమండ్లు తాళం తీశాడు. విరిగిన కుర్చీలు, చిరిగిన టెన్నిస్ వల, వాటి కింద స్టాండు. దొర ఇంగ్లండు పోతూ దుర్భిణి తీసుకుపోయాడు, స్టాండు బరువని వదిలేశాడు. పోత ఇనుము. ఇరుసు తుప్పు పట్టలేదు, గ్రీజు గట్టిపడి కాపాడింది. కిరసనాయిలుతో తుడిస్తే కిందినుంచి మెరుపు వచ్చింది. వంపు చూపించే అంకెలు అరిగిపోయాయి. దానంతట అది తిరగడానికి గడియారం స్ప్రింగు ఒకటి ఉండేది, తెగిపోయింది. చేతితో తిప్పే మర మాత్రం బాగుంది. కొంచెం తిప్పితే ఇరుసు వెంట్రుకంత జరుగుతుంది.

"ఇనుప సామాన్లోనికి ఏద్దమనుకున్న, మీరు తీస్కపోతె కొట్టన్న ఖాళీ అయితది" అన్నాడు హనుమండ్లు. క్లబ్బు సెక్రటరీ చీటీ రాసిచ్చాడు.

ఇప్పుడు ఆలోచించాలి. కొత్తదానికి మనిషి అక్కర్లేదు. పాతదానికి మనిషి కట్టుబడి ఉండాలి. దుర్భిణి మీద కెమెరా కట్టి, ప్లేటు తెరిచి, దుర్భిణిలో ఒక చుక్కను అడ్డగీతల మధ్య పెట్టుకుని, అది జరిగినప్పుడల్లా మర తిప్పుతూ ఉండాలి. ఫోటో అయ్యేదాకా కన్ను తీయకూడదు. తీశామా, అక్కడినుంచి గీత. అయితే కొత్తది ఎప్పుడొస్తుందో తెలియదు, యుద్ధం తర్వాత రైళ్ళన్నీ సైన్యం సామాన్లతో పోతున్నాయి. పాతది నా వాకిట్లో ఉంది.

నాకు కూర్చోవడానికి అభ్యంతరం లేదు. ఎలాగూ ఆ వేళకు నిద్ర ఉండటం లేదు.

20 అక్టోబరు

ఎదురు బరువు లేదు. దుర్భిణి ఒక పక్కకు వాలిపోతోంది. కిరాణా కొట్టులో పాత శేరు తూకం బాట్లు మూలన పడేసి ఉన్నాయి, కిలోలు వచ్చాక వాటిని ఎవరూ ముట్టడం లేదు. అడిగితే ఊరికే ఇచ్చాడు. ఒకటి కడితే తక్కువ. రెండు కడితే ఎక్కువ. శేరున్నర దగ్గర నిలిచింది.

అత్త ఒక మాట అంది, ఆ రోజుల్లో. రెండు శేర్లు కూడా లేదు పిల్ల, అని.

24 అక్టోబరు

దీపావళి. టపాకాయల పొగ. చుక్కలు లేవు.

26 అక్టోబరు

వాకిట్లో స్టాండు నిలబెట్టాను. మన దగ్గర ధ్రువుడు పంతొమ్మిది డిగ్రీల ఎత్తున ఉంటాడు, ఇరుసును అంతే వంచాలి. అంకెలు అరిగిపోయాయి కాబట్టి నా కొలతే పెట్టాను. దారానికి గుండు కట్టి వేలాడదీసి పంతొమ్మిది లెక్కపెట్టాను. మొదటిసారికే కుదిరింది. ధ్రువుణ్ణి చూసి సరిచూసుకుందామంటే ఉత్తరం దిక్కున బొగ్గు పోసే ఎత్తు బంకరు, దాని దుమ్ము. అవసరం లేదు. కొలవడం నాకు కొత్త కాదు.

27 అక్టోబరు

చూశాను. ఆగ్నేయాన, కింద సన్నగా మొదలై పైకి వెడల్పవుతూ పోయింది. ఊదుబత్తి పొగ లాగా ఉంది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళు గని దీపాలు ఇచ్చే గది దారి వదిలేసి నా వాకిట ముందు ఆగారు. పక్క క్వార్టర్ రాయమల్లు గనిలో కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేస్తాడు. అందరికంటే ముందు అతనే.

"తోకచుక్క పొడిస్తె రాజులకు మంచిగ కాదంటరు. మనకేం ఫికర్ సారూ, మనం రాజులమా."

అందరూ నవ్వారు. అంత అందమైనదాన్ని చూస్తే ఏదో ఒకటి అనిపించాలి. ప్లేటు ఎంతసేపు తెరిచి ఉంచాలో లెక్క వేసుకున్నాను.

29 అక్టోబరు

ప్లేటు కడిగాం. పిల్లి గోళ్ళతో గీకినట్టుంది. చుక్కను నేను ఎంత పట్టుకున్నా నిలవలేదు, మర తిప్పేకొద్దీ పక్కకు జారిపోయింది. దేవదాస్ ప్లేటును దీపానికి ఎత్తి చూసి పక్కన పెట్టాడు.

పాత సామాను అంతే. ఎక్కడో పళ్ళు అరిగాయి. దొర ఊరికే వదిలి పోయాడా.

30 అక్టోబరు

మళ్ళీ అదే. కలకత్తాకు ఆర్డరు రాశాను. తోకచుక్క పోతే పోయింది, కొత్తదానితో వేరేవి తీయవచ్చు. ఆకాశంలో వస్తువులకు కొదవ లేదు.

ఆదివారం పోస్టాఫీసు ఉండదు. సోమవారం వేయాలి.

1 నవంబరు

గనిలో కొత్త గుర్తు పెట్టాం. పైన పనిచేసే సర్వేయర్లు గుర్తును నేలలో పాతుతారు. మేము కప్పులో కొడతాం, కింద కొడితే బొగ్గు డబ్బాలు తొక్కేస్తాయి. కప్పులో మేకు, మేకుకు దారం, దారానికి ఇత్తడి గుండు. మా కొలతలన్నీ పైనుంచి కిందికి. గుండు ఊగడం ఆగేదాకా దీపం పట్టుకుని చూస్తున్నాను. ఆగింది. అప్పుడు తెలిసింది.

పంతొమ్మిది డిగ్రీలు నేల నుంచి లెక్కపెట్టాలి. నేను దారం నుంచి లెక్కపెట్టాను. ఇరుసు ధ్రువుడి వైపు కాకుండా దాదాపు నడినెత్తికి చూస్తోంది. ఆ మర పళ్ళలో ఏ లోపమూ లేదు. దాన్ని ఇన్నాళ్ళు తిట్టాను.

బడిపిల్లవాడు చేయడు ఈ తప్పు. గని సర్వేయరే చేయగలడు. బాలలక్ష్మి వింటే పొయ్యి దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా నవ్వేది. నవ్వేదని రాశాను కానీ ఆ నవ్వు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా చెవికి రావడం లేదు. అది మాత్రం బాధగా ఉంది.

ఆర్డరు జేబులోనే ఉంది.

2 నవంబరు

ఇంకో తంటా. ఇరుసు అంత కిందికి వంగదు. ఇంగ్లండులో ధ్రువుడు చాలా ఎత్తున ఉంటాడు, దొరల స్టాండు అక్కడికి తగ్గట్టు చేసింది. మన ధ్రువుడి కోసం స్టాండునే ఏటవాలుగా కూర్చోబెట్టాలి. కింద పెట్టడానికి ఏటవాలు చెక్క కోసిమ్మని రాయమల్లును అడిగాను. గనిలో దుంగకూ కప్పుకూ మధ్య బిగించే చెక్క లాంటిదే, కాకపోతే పెద్దది.

"ఏ కప్పు కింద పెడ్తవు సారూ?"

"కప్పు లేదు."

"కప్పు లేనికాడ చెక్కెందుకు?" అన్నాడు, కానీ సాయంత్రానికి కోసి తెచ్చాడు. రంపం పొట్టు ఇంకా అంటుకుని ఉంది. మూడు వైపులా తనే బిగించాడు. పోశవ్వ, అతని భార్య, గోడ అవతలనుంచి చూస్తూ ఉంది. వాళ్ళ మేక కూడా.

4 నవంబరు

చుక్క నిలిచింది.

5 నవంబరు

సాయంత్రం బండికి అత్త వచ్చింది. ఐలవ్వ నాకు పిల్లనిచ్చిన అత్తే కాదు, మా బాపుకు చెల్లెలు. చంకలో పిల్ల. మెట్‌పల్లి నుంచి పెద్దపల్లి దాకా బస్సులు మారి, అక్కడ రైలెక్కి, ఆ ముసలి మనిషి ఒక్కతే.

"నువ్వు రావు. నేనన్న రావద్దా కొడకా? ఎల్లుండి సరోజన వాళ్ళు ఈడికే వస్తరు, ఈన్నించే తీస్కపోతరు. అప్పటిదాక ఒక్కపారి మొకం చూడు. రేపు తొవ్వల ఎదురైతె నీ బిడ్డని నువ్వే గుర్తువట్టకపోతవు."

చూశాను. ముఖం చిన్నది. బాలలక్ష్మి పోలిక లేదు, నా పోలికా లేదు. కళ్ళు తెరిచి నన్ను కాకుండా నా చెవి పక్కన ఏదో చూసింది. మంచిదే, అన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసి పోశవ్వ దగ్గరికి మేకపాలకు పోయింది.

దూలానికి చీర కట్టి తొట్టె ఉయ్యాల వేశాం. ఆ చీర బాలలక్ష్మిది. పెట్టెలో వేరేది దొరకలేదు.

రేపు ఒక్కటే మంచి రోజు. ఎల్లుండి నుంచి చంద్రుడు తెల్లవారేదాకా ఉంటాడు.

6 నవంబరు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చీకటి ఉండగానే లేచాను. నల్లా వచ్చే వేళ అని అత్త బిందె తీసుకుని వీధి చివరికి పోయింది. "జర పిల్ల దిక్కు చూడు" అంది పోతూ. ఊఁ అన్నాను. ప్లేటు తెరిచాను. చుక్క అడ్డగీతల మధ్య మేకు కొట్టినట్టు నిలిచి ఉంది. మర తిప్పుతున్నాను. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. ఇంకాసేపు పట్టుకుంటే తోక చివరిదాకా వస్తుంది.

పిల్ల ఏడ్చింది. అత్త వస్తుందిలే అనుకున్నాను. ఏడుపు పెరిగింది. మర తిప్పుతూనే ఉన్నాను. నా పిల్ల కాదు కదా, రేపటికి, అని కూడా అనుకున్నాను. అనుకున్నది రాయాలి.

తర్వాత ఏడుపు ఆగిపోయింది. మధ్యలో తెగినట్టు ఆగిపోయింది.

నాకు భయం వేసింది. కాళ్ళలోనుంచి వచ్చింది భయం. సెప్టెంబరులో భయపడటానికి నాకు సమయమే దొరకలేదు, నేను చేరేసరికి అన్నీ అయిపోయి ఉన్నాయి. ఆ భయమంతా ఇప్పుడు వచ్చింది. స్టాండు కాలికి తగిలిందో లేదో కూడా చూసుకోకుండా లోపలికి పరుగెత్తాను.

చీర మడత ఒకటి జారి ముఖం మీద పడింది. అంతే. తీశాను. ఒక్క గుటక వేసి, ముఖమంతా ఎర్రగా చేసుకుని మళ్ళీ ఏడ్చింది. ఎత్తుకున్నాను. ఎలా ఎత్తుకోవాలో తెలియదు, తల ఒక పక్కకు వాలిపోతోంది. ఒక చెయ్యి తల కింద, ఒకటి నడుము కింద పెడితే నిలిచింది. లోపల చీకటిగా ఉందని వాకిట్లోకి తెచ్చాను. నా బనీను పట్టుకుంది. పట్టుకున్నది వదలలేదు.

అత్త నిండు బిందెతో వచ్చి గేటు దగ్గరే ఆగింది.

"నేనెత్తుకోవాల్నా?" అంది.

"ఉండనియ్యి" అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. అత్త బిందె దించి, అరుగు మీద కూర్చుని, కొంగు ముఖానికి పెట్టుకుంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. పిల్ల మాత్రం నిద్రపోయింది.

తూర్పు తెల్లబడుతుంటే ప్లేటు గుర్తుకొచ్చింది. మూసేశాను.

6 నవంబరు, సాయంత్రం

ప్లేటు కడిగాం. తోకచుక్క తల ఉంది, తోక ఉంది, చుట్టూ చుక్కలు సూదితో పొడిచినట్టు ఉన్నాయి. ఆ ప్రతి చుక్క నుంచీ పక్కకు ఒక సన్నని గీత. అన్ని గీతలూ ఒకే పొడవు.

"అయ్యో, ఖరాబైంది సారూ" అన్నాడు దేవదాస్. "మంచిగ పోంగ పోంగ నడుమల లేసిపోయినవా?"

"లేసిపోయిన."

"గదే కొత్త స్టాండైతె నువ్వు లేకున్న తిరుగుతుండె."

అవును. నేను లేకపోయినా తిరిగేది. ఎక్కడా గీత లేని ఫోటో వచ్చేది. ఆ ఫోటోలో నేను పిల్లను ఎత్తుకున్న సంగతి ఉండేది కాదు. ఈ ప్లేటులో ఉంది. ఎంతసేపు ఎత్తుకున్నానో కూడా ఉంది.

దీన్నే పెద్దది చేసి ఇమ్మన్నాను. అతను వింతగా చూశాడు.

7 నవంబరు

సరోజన, రాజలింగు పొద్దున బండికి వచ్చారు. సరోజన చేతిలో వెదురు బుట్ట. అందులో గౌన్లు, కాటుక డబ్బీ, వెండి మొలతాడు, దారిలో పట్టడానికి పాల సీసా. గౌన్లన్నీ తన చేత్తో కుట్టినవే, దుకాణంలో మిగిలిన ముక్కలతో. రాత్రి నేను కూర్చిపెట్టుకున్న మాటలన్నీ ఆ బుట్ట చూసేసరికి పోయాయి.

"వదినె, పిల్లను నేను ఇయ్యలేను."

రాజలింగు టోపీ తీశాడు.

"నీ నోటెంబడే అన్నవు కద రామచంద్రం" అన్నాడు.

"అన్న. అప్పుడు పిల్లను చూడలే. తప్పు నాదే."

సరోజన నన్ను చూడలేదు. పిల్లనే చూస్తోంది. "ఎట్ల సాదుతవు?" అంది. "బొగ్గు బాయిల దిగేటోనివి. పాలెవలు పడ్తరు? జరమొస్తె ఎవలు చూస్తరు?"

అత్త వంటింట్లోనుంచే అంది, "నేను సచ్చిన్నా ఏందే?"

సరోజన నవ్వబోయి, నవ్వలేకపోయింది. పిల్లను అడిగి ఎత్తుకుంది. ఒక గౌను తొడిగింది. కాటుక పెట్టింది, బుగ్గ మీద చుక్క పెట్టింది. తర్వాత తిరిగి నా చేతుల్లో పెట్టింది. మిగిలిన గౌన్లు ఒక్కొక్కటీ మడతపెట్టి మంచం మీద పెట్టింది. ఖాళీ బుట్ట తీసుకుంది. నేను ఆమెకు చేసిన అన్యాయం చిన్నది కాదు. గేటు దాటుతూ వెనక్కి తిరిగి, "తల కింద చెయ్యి పెట్టు" అంది.

పెట్టే ఉంచాను.

8 నవంబరు

పున్నమి. ఆకాశమంతా తెల్లగా ఉంది, తోకచుక్క జాడ లేదు. పిల్లకు పేరు సరోజనే వచ్చి పెట్టాలని అత్తతో అన్నాను. రేపు ఆమెకు కార్డు రాయాలి.

జేబులోని ఆర్డరుతో అత్త పొయ్యి రాజేసింది, నేను చూస్తూ ఊరుకున్నాను. పోశవ్వ మేకపాలు రెండు ఇళ్ళకు చాలడం లేదు. బుధవారం సంతలో మేకను చూడాలి. తొలిసారి ఈనిన కొత్తది తన్నుతుందట, రెండు మూడు ఈతలు ఈనిన పాతదే తీసుకొమ్మని పోశవ్వ చెప్పింది.